ఎగువకి వెళ్ళిన సారె

గోదావరి జిల్లాలో పుట్టి కూడా కాలువ నీళ్ళు ఎరగకుండా పెరిగినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళని మెట్టవాళ్ళంటారు. నేనూ ఆ బాపతే. మా జంగారెడ్డిగూడెం చుట్టూ పామాయిల్ తోటలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, జీడిమామిడి తోపులు కావలసినన్ని ఉన్నాయి. నీళ్ళు మాత్రం బోరు దయ. బోరు ఎంత లోతుకి దిగితే ఇంటి యజమాని ముఖం అంత కిందికి దిగుతుంది. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటిచెట్టుకి, బట్టలు జాడించిన నీళ్ళు వాకిలి కడగడానికి. మా ఊళ్ళో నీళ్ళకి పదవీ విరమణ అంటూ ఉండదు.

అలాంటి ఊరినుంచి బయల్దేరి, ఎటు చూసినా నీళ్ళే ఉండే డెల్టాకి వెళ్ళి, నీళ్ళు జాగ్రత్తండీ అని చెప్పి రావాలి. బట్టతల మనిషి దువ్వెనలు అమ్మబోయినట్టు ఉంటుందని మావారు అన్నారు. ఆయనకి బట్టతల ఉంది కాబట్టి ఆ పోలికని ఆయన అనుభవానికే వదిలేశాను.

నన్ను ఇందులోకి దించింది సుభద్రగారు. మా బడిలోనే తెలుగు టీచరు. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో ఊరూరా బుర్రకథ చెప్పి పేరు తెచ్చుకున్నారు. ఆవిడ తంబురా పట్టుకుని కథ చెబుతారు. ఆవిడ భర్త స్వామిగారు పక్కన నిలబడి డక్కీ వాయిస్తారు. మాట తక్కువ, దరువు ఎక్కువ మనిషి. రెండో పక్కన నిలబడి హాస్యం చెప్పే అమ్మాయి పెళ్ళి చేసుకుని విశాఖపట్నం వెళ్ళిపోవడంతో ఆ ఖాళీ నాకు దక్కింది. లెక్కల టీచరుగా ఇన్నేళ్ళూ పిల్లల్ని ఏడిపించిన నేను ఒక్కసారిగా పెద్దల్ని నవ్వించాల్సి వచ్చింది.

రాజమండ్రిలో రోజ్ మిల్క్

మమ్మల్ని పిలిచిన స్వచ్ఛంద సంస్థ ఆఫీసు రాజమండ్రిలో. మే నెల చివర. బస్సు దిగేసరికి ముగ్గురం ఉడికిన వంకాయల్లా ఉన్నాం. ఆఫీసుకి వెళ్ళేముందు రోజ్ మిల్క్ తాగాం. గ్లాసు అయిదు రూపాయలు. అంత గులాబీరంగులో ఉన్న చల్లని వస్తువు మా ఊళ్ళో లేదు. స్వామిగారు రెండో గ్లాసు తాగి, "బాగుంది" అన్నారు. ఆ రోజుకి ఆయన మాట్లాడింది అంతే.

ఆఫీసులో మాకు విషయం చెప్పారు. డెల్టా చూడనివాళ్ళకోసం ఇక్కడ కొంచెం వివరిస్తాను. వేసవిలో పంట కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. దాన్ని కాలువలు కట్టేయడం అంటారు. కట్టేసేముందు ప్రతి ఊరూ తన మంచినీళ్ళ చెరువు నింపుకుంటుంది. మళ్ళీ జూన్‌లో కాలువలు వదిలేదాకా ఆ నీళ్ళతోనే గడపాలి. ఈలోగా ఎండిన కాలువలోకి ఊళ్ళలోని చెత్తంతా చేరుతుంది. మొదటి వాన పడగానే వీధుల్లోని మురికి కూడా సైడు కాలువల గుండా అందులోకే దిగుతుంది. తర్వాత కాలువ వదులుతారు. ఆ మొదటి నీళ్ళు ఎగువ ఊళ్ళ పాపమంతా మోసుకుని దిగువకి పోతాయి. మొదటి వాన కంటే ముందే కాలువ వెంట ఊరూరా తిరిగి, ఆ మురికిని ఆపమని కథ చెప్పడం మా పని.

వింటుంటే మంచినీళ్ళ ప్రాయంగా అనిపించింది. సాయంత్రం సాధనకి కూర్చుంటే డక్కీ మోగలేదు. మెట్టలో ఖంగుమనే తోలు గోదావరి గాలికి మెత్తబడి, తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పుడు చేసింది. మా వాద్యం కూడా మాలాగే మెట్టది.

మల్లవరప్పాడు మర్యాదలు

మొదటి కథ మల్లవరప్పాడులో. పెద్ద ఊరు. కాలువ గట్టు పొడవునా కొబ్బరిచెట్లు, గట్టుకి ఆనుకుని బజారు. ఊరి నీటి సంఘం అధ్యక్షుడు సత్యంగారు. బజారులో ఆయనకి బట్టల కొట్టు ఉంది. పంచె కట్టు, పలకరింపులో వాక్యానికి రెండు 'అండి'లు. మా వైపు 'అండి' అవసరాన్ని బట్టి వాడతాం. ఇక్కడ ఉప్పులా అన్నింట్లో వేస్తారు.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు అరుగు మీద కథ చెప్పాం. సుభద్రగారు గోదావరి తల్లిని ఒక కన్నతల్లిలా నిలబెట్టి, బిడ్డలు ఆమె కొంగులో చెత్త కట్టి పంపుతున్నట్టు చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నా హాస్యానికి కూడా కొందరు కళ్ళు తుడుచుకున్నట్టే కనిపించింది. నవ్విన చప్పుడు మాత్రం రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద మామిడిచెట్ల నీడలో భోజనాలు. మాతోపాటు ఊళ్ళో సగంమంది. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, బెల్లం ఆవకాయ, చివర పూతరేకులు. మా వైపు చాలు అంటే చాలు అని అర్థం. ఇక్కడ చాలు అంటే ఇంకొంచెం మొహమాటపెట్టమని అర్థం. ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశారు.

తినేటప్పుడు సత్యంగారు మా కథని తెగ మెచ్చుకున్నారు. పైఊళ్ళవాళ్ళు తప్పకుండా వినాల్సిన కథ అన్నారు. ఆయన అలా అంటూ ఉండగానే, వడ్డించినవాళ్ళు మా ఎంగిలాకులన్నీ చుట్టగా చుట్టి, గ్లాసులతో సహా, ఎండిపోయిన కాలువలోకి విసిరేశారు. ఎవరూ అటు తిరిగి కూడా చూడలేదు. కాలువలో అప్పటికే బోలెడు ఉన్నాయి. కొబ్బరిడొక్కలు, ఎరువు సంచులు, రకరకాల కవర్లు, ఒక పాత పరుపు.

"అదేంటండీ, కాలువలో వేశారు?" అన్నాను.

"నీళ్ళొదిల్తే పోతాయి కదండీ," అన్నారు సత్యంగారు, నాకు మజ్జిగ అందిస్తూ. "ఈ నెల్రోజులూ కాలువంటే మాకు చెత్తకుండీయేనండి. నీళ్ళొచ్చాయంటే దానంతటదే కడుక్కుంటాది. ఏటా అంతేనండి."

ఆయన గొంతులో ఇసుమంత కూడా అపరాధం లేదు. పెద్దల కాలంనుంచి కాలువ అలాగే కడుక్కుంది. కాకపోతే ఆ కాలంలో ఆకులూ డొక్కలే ఉండేవి. కవర్లు లేవు.

నేను నీరుగారిపోయాను. నిన్న సాయంత్రం కన్నీళ్ళు తుడుచుకున్న చేతులే ఈ ఆకులు విసిరాయి. ఏం చేయాలో తోచక, కనీసం నా విస్తరాకైనా నేను తీసుకుందామని గట్టు దిగాను. కాలువ అడుగు ఎండినట్టు పైకి కనిపిస్తుందిగానీ లోపల ఒండ్రు అని మెట్టవాళ్ళకి తెలియదు. రెండో అడుగుకి మోకాలిదాకా దిగబడ్డాను. ఇద్దరు మనుషులు చేతులు పట్టి లాగితే నేను వచ్చాను, నా ఎడమ కాలి హవాయి చెప్పు రాలేదు. నీలం పట్టీ, తెగిన చోట పిన్నీసు. ఎంత వెతికినా ఒండ్రు దాన్ని వదల్లేదు. నా హాస్యానికి నవ్వని ఊరు ఆ పూట పొట్టలు పట్టుకుని నవ్వింది.

సత్యంగారు మాత్రం నవ్వలేదు. అతిథి చెప్పు తమ ఊళ్ళో పోతే తమ పరువు పోయినట్టేనని, మనిషిని పంపి కొత్త జత తెప్పించారు. తన కొట్టు కవర్లో పెట్టి ఇచ్చారు. ఆకుపచ్చ కవరు, దాని మీద రెండు చిలకల బొమ్మ. వద్దన్నా వినలేదు. అంత మంచి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా చేతకాక బస్సెక్కాను.

పాలకొల్లులో దిబ్బరొట్టె

ఆ తర్వాత కాలువ వెంట రెండు మూడు ఊళ్ళు. ప్రతిచోటా అదే మర్యాద, అదే చప్పట్లు, అదే మాట. చెత్తంతా పైనుంచి వస్తుందండీ. ఈ 'పైన' ఎక్కడుందో చూద్దామంటే, ఏ ఊరికి వెళ్ళినా దానికి పైన ఇంకో ఊరు ఉంది.

పాలకొల్లులో బస్సు మారాలి. ఊళ్ళోకి వస్తుంటేనే క్షీరారామం గోపురం కనిపించింది. స్టాండు పక్కన కొబ్బరికాయల లారీలు, వాటి వెనక దిబ్బరొట్టెల బండి. మూకుడులో మందంగా కాల్చిన మినప రొట్టె, పైన ఎర్రటి పెచ్చు. ఒక్కటి తింటే బస్సు రెండు గంటలు ఆలస్యమైనా బాధ ఉండదు. ఆలస్యమైంది కూడా.

బండి పక్కన ఒక కుళాయి, దానికి తల లేదు. నీళ్ళు ధారగా రోడ్డు మీదికి పోతున్నాయి. డెల్టావాళ్ళు దాని పక్కనుంచి గాలి పక్కనుంచి నడిచినట్టు నడిచిపోతున్నారు. నాకు రొట్టె దిగడం లేదు. ముందు మా సీసాలు నింపాను, తర్వాత బండావిడ బిందె నింపాను. ఇంక నింపడానికి ఏమీ దొరక్క, నా చేతిరుమాలు ఉండచుట్టి కుళాయి మూతిలో కుక్కాను. అది కాసేపు ఆలోచించి, రుమాలుతో సహా నా ముఖాన కొట్టింది.

బండావిడ పెద్దమనిషి. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీది ఏ ఊరండీ?"

"జంగారెడ్డిగూడెం."

"అదీ, అలా చెప్పండి," అని నా చేతిలో ఇంకో ముక్క రొట్టె పెట్టింది. దానికి డబ్బులు తీసుకోలేదు. మెట్టలో మా అక్కని ఇచ్చాం, అక్కడ స్నానానికి చెంబులు లెక్కపెడతారట గదా అని సానుభూతి చూపించింది. స్వామిగారి డక్కీ కథ విని, తన పొయ్యి పక్కన పెట్టి కాయించింది. రొట్టె కాలేలోపు డక్కీ ఖంగుమంది. వెళ్ళేటప్పుడు చూస్తే, కుళాయి మూతిలో ఒక కొబ్బరిడొక్క బిగించి ఉంది. మెట్టవాళ్ళకి రుమాలు తోస్తే, డెల్టావాళ్ళకి డొక్క తోచింది. డొక్కే నిలిచింది.

ఉప్పుకోడు చెరువు

కాలువ చివరి ఊరు ఉప్పుకోడు. అక్కడినుంచి సముద్రం గాలి తెలుస్తుంది. బావులన్నీ ఉప్పు. ఊరికి ఉన్న మంచినీళ్ళల్లా ఒక్క చెరువు.

సర్పంచి వరలక్ష్మిగారు మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టి ముగ్గురికీ గ్లాసులతో నీళ్ళిచ్చారు. నలభై దాటిన మనిషి. ఆడవాళ్ళకి కేటాయించిన సీటులో నిలబడి గెలిచినా, సంతకం మాత్రమే పెట్టే రకం కాదు. నేను గుక్క తాగి ఆగాను. వేసవి చివరి చెరువు నీళ్ళు. ఎంత కాచి వడపోసినా ఒక వాసన. ఆవిడ నా ముఖంలోకే చూస్తున్నారు.

"వాసనొచ్చిందాండి?"

నేను నీళ్ళు నమిలాను. ఆ మాటకి అర్థం నాకు ఆ రోజే పూర్తిగా తెలిసింది.

చెరువు చూడ్డానికి వెళ్ళాం. చుట్టూ ముళ్ళకంచె, ఒకటే గేటు. ఇంటికిన్ని బిందెలని వంతు. గట్టున బట్టలుతకకూడదు, పశువులు దిగకూడదు. మా ఊరి కంటే కట్టుదిట్టంగా ఉంది. నీళ్ళలో ఉన్న డెల్టాలో చివరికి నాకు మెట్ట కనిపించింది. మరి ఎందుకు వాసన అంటే, వచ్చే నీళ్ళే అలా వస్తాయి. మొదటి నీళ్ళు పోనిచ్చి, తేటబడ్డాక చెరువు తూము ఎత్తుకుందామంటే కుదరదు. ఈలోపు ఎగువన ఆకుమళ్ళూ నాట్లూ మొదలైతే ఆ తర్వాత చివరికి నీళ్ళే రావు. మొదట వచ్చినవే పట్టుకోవాలి. అవే తాగాలి. పోయినేడు కాలువ వదిలాక ఊళ్ళో పిల్లలు వరసగా వాంతులూ విరేచనాలతో మంచాన పడ్డారు.

మేం గట్టు మీద ఉండగా వార్డు మెంబరు రంగారావుగారు మోటారు సైకిల్ మీద వచ్చారు. చేపల చెరువులున్న ఆసామి. మధ్యాహ్నం భోజనానికి పిలిచి, రొయ్యల వేపుడు ఉంటుందని కూడా చెప్పి, అప్పుడు అసలు సంగతి చెప్పారు. తాగడానికి పనికిరాని చెరువు ఊరికి ఎందుకు, చేపలకి వేలంపాట పెడితే పంచాయతీకి డబ్బొస్తుంది, ఆ డబ్బుతో ట్యాంకరు తెప్పించుకోవచ్చు అని. నేను ఇన్నాళ్ళూ పాడుతున్న పాట కంటే ఆ పాటకే ఊళ్ళో వినేవాళ్ళు ఎక్కువ. ఆయన చెడ్డమనిషేం కాదు. పోయినేడు మంచాన పడ్డ పిల్లల్లో ఆయన మనవరాలు కూడా ఉంది. వరలక్ష్మిగారు బతిమాలి, ఈ ఒక్కసారికి ఆపించారు. ఈ జూన్‌లో వచ్చే మొదటి నీళ్ళు చూసి తేలుస్తారు. మురికొస్తే చెరువు చేపలకి పోతుంది. ఇంక ఊరు మంచినీళ్ళకి నీళ్ళొదులుకోవడమే.

ఆయన వెళ్ళాక తూము దగ్గరికి వచ్చాం. పోయినేడు తూము మూతికి బిగించిన జల్లెడకి తట్టుకున్న చెత్త లాగి గట్టున పోసిన కుప్ప ఇంకా అలాగే ఉంది. ఆకులు మట్టయిపోయాయి. కవర్లు మాత్రం ఏడాది ఎండకీ వానకీ చెక్కుచెదరలేదు. పైన ఉన్నది చూసి నేను ఆగిపోయాను. ఆకుపచ్చ కవరు, రెండు చిలకలు. నా సంచిలోంచి కొత్త చెప్పుల కవరు తీసి పక్కన పెట్టాను. ఒకదానికొకటి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

వరలక్ష్మిగారు పాత కవరు మీది మట్టి కొంగుతో తుడిచారు. తర్వాత నెమ్మదిగా, "అది మా అన్నయ్య కొట్టు కవరేనండి," అన్నారు. "మల్లవరప్పాడు మా పుట్టిల్లు. పోయినేడే చూశాను. ఎవరికీ చెప్పలేదు. పుట్టింటి పేరు కదండీ."

కుప్పలోంచి ఇంకా చాలా బయటపడ్డాయి. మిఠాయి కొట్టు కవర్లు, ఎరువుల దుకాణం సంచులు. అన్నిటి మీదా ఊళ్ళ పేర్లు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో ఊరిని గుర్తుపట్టారు, ఎందుకంటే అవన్నీ వాళ్ళ వాళ్ళ పుట్టిళ్ళు. ఈ కాలువ మీద ఎగువ ఊళ్ళ ఆడపిల్లల్ని దిగువ ఊళ్ళకివ్వడం ఎప్పటినుంచో ఉంది. నీళ్ళు ఎటు పోతే సంబంధాలూ అటే పోయాయి.

"అయితే మీ అన్నయ్యగారు ఏటేటా సారె పంపుతున్నారన్నమాట," అన్నారు సుభద్రగారు, వాతావరణం తేలికపరచడానికి.

వరలక్ష్మిగారు నవ్వారు. నవ్వి, ఆ కుప్ప వంక మళ్ళీ చూశారు. ఈసారి ఇంకోలా చూశారు.

"సారె వస్తే ఇంటింటికీ పంచాలి కదండీ," అన్నారు.

సారె ఎదురెక్కింది

సారె సంగతి తెలియనివాళ్ళుండరు. ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టే మిఠాయిలూ చీరలూ. డెల్టాలో దానికి ఒక గట్టి పద్ధతి ఉంది. సారె వచ్చిందంటే లోపల దాచుకోకూడదు. వీధిలో ఒక్క గడప కూడా వదలకుండా పంచాలి. పంచకపోతే ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ తలవంపు. అది ఎప్పుడూ ఎగువనుంచి దిగువకే వస్తుంది. ఈసారి వెనక్కి వెళ్ళబోతోంది.

చెత్తని ఉప్పు బావి నీళ్ళతో కడిగి ఆరబెట్టి, కొత్త వెదురు బుట్టల్లో సర్దారు. మీద పసుపు రాసిన గుడ్డలు కట్టారు. బయల్దేరేముందు వరలక్ష్మిగారి అత్తగారు వాకిట్లో అడ్డం నిలబడి, పుట్టింటి గడప మళ్ళీ తొక్కనిస్తారో లేదో ఆలోచించుకోమని చెప్పారు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. బస్సులో వరలక్ష్మిగారు బుట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తండ్రి పోయాక తనని పెంచి పెళ్ళి చేసింది ఆ అన్నయ్యేనని ఒకే ఒకసారి అన్నారు. కండక్టరు బుట్టల్లో ఏముందని అడిగాడు. మిఠాయని చెబితే ఒకటి పెట్టమన్నాడు. నేను నా జీవితంలో చెప్పగలిగిన అతి పెద్ద హాస్యం అప్పుడు మింగేశాను.

మల్లవరప్పాడు సెంటర్లో దిగగానే స్వామిగారు డక్కీ అందుకున్నారు. పాలకొల్లు పొయ్యి మహిమ, ఊరంతా వినిపించింది. సర్పంచి హోదాలో ఉన్న ఆడపడుచు నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని సారె మోసుకొస్తుంటే వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చింది. సత్యంగారింటి వాకిట్లో వదినగారు ఎదురొచ్చి బొట్టు పెట్టి, బుట్ట దింపించి, గుడ్డ విప్పారు. పైనే ఉన్నాయి రెండు చిలకలు.

డక్కీ ఆగింది. 

సత్యంగారు వంగి ఆ కవరు చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. కింద ఉన్నవీ చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"మీరు పంపిందే అన్నయ్యా. ఏటా పంపుతున్నారు. మా చెరువులోకి వస్తాది, మా పిల్లలు తాగుతారు. నేను పంచలేక మీకే తెచ్చాను."

 వదినగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. వీధిలోవాళ్ళు దగ్గరికొచ్చి బుట్టలోకి తొంగిచూశారు. వాళ్ళలో చాలామందికి ఉప్పుకోడులోనో, ఆ పక్క ఊళ్ళోనో ఒక కూతురో చెల్లెలో ఉంది. సత్యంగారి ముఖం ఎర్రబడింది. ఆయన ఏమంటారోనని నేను సుభద్రగారి చెయ్యి పట్టుకున్నాను. 

"నా చెల్లెలికి నేను పంపిన సారె ఇదా," అన్నారు ఆయన చివరికి. తర్వాత కండువా నడుముకి బిగించి, బుట్ట తానే ఎత్తుకున్నారు. "సారె వచ్చాక పంచకపోవడం మనింట్లో లేదు. పదండి."

ఇంటింటికీ ఆయనే ఇచ్చారు. మిఠాయి కొట్టాయనకి ఆయన కవరు, ఎరువుల దుకాణం వాళ్ళకి వాళ్ళ సంచి, మిగతావాళ్ళకి చేతికొచ్చినది. ప్రతి గడపలోనూ అదే మాట. మా చెల్లాయి సారె తెచ్చిందండి, పుచ్చుకోవాలండి. సారె వద్దనడం ఎవరి తరం. అందరూ రెండు చేతులతో అందుకున్నారు. ఒకావిడ అలవాటుగా కళ్ళకి అద్దుకుని, ఏమిటో చూసుకుని, పక్కింటావిడని పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు వీధి చివరిదాకా పాకింది. మా కథ వారం రోజుల్లో చేయలేని పని ఆ బుట్ట ఒక్క పూటలో చేసింది. నేను ఈర్ష్య పడలేదు. కొంచెం పడ్డాను.

మర్నాడు పొద్దున్నే సత్యంగారు పంచె ఎగ్గట్టి కాలువలోకి దిగారు. ఆయన దిగాక గట్టు మీద నిలబడటం ఎవరికి మర్యాద. పరుపుతో సహా అన్నీ పైకి వచ్చాయి. సైడు కాలువలు కాలువలో కలిసే ప్రతిచోటా ఒక గుంట తవ్వి, దాని మూతికి వెదురు తడిక దడిలా పాతారు. వాన నీళ్ళు దాటతాయి, చెత్త దాటదు. తల లేని కుళాయిలన్నిటికీ డొక్కలు బిగించారు. ఆ పథకం పాలకొల్లుదని నేను చెప్పాను. రుమాలు సంగతి చెప్పలేదు.

వరలక్ష్మిగారు బయల్దేరేటప్పుడు వదినగారు ఆ బుట్టల నిండా పూతరేకులు పెట్టి పంపారు. ఖాళీ బుట్ట పంపకూడదట. దిగువకి అసలు సారె వెళ్ళింది.

గట్టు వెంట

మాట మా కంటే ముందు నడిచింది. తర్వాతి ఊళ్ళలో మేం బస్సు దిగేసరికే కాలువలో మనుషులున్నారు. ఒక ఊళ్ళో పెద్దమనిషి నా భుజానికి వేలాడుతున్న సంచి వైపు అనుమానంగా చూసి, "మాకేం సారె తేలేదు కదండీ?" అన్నారు. తేలేదని తెలిశాకే కాఫీ ఇచ్చారు. కథ విన్నాక భోజనం పెట్టారు, ఆకులు మాత్రం గొయ్యి తీసి పూడ్చారు. నా హాస్యానికి అక్కడా నవ్వలేదు. నవ్వాల్సినదంతా సారె కథకే నవ్వేశారు.

జూన్ మొదట్లో తొలి వాన పడింది. మేం ఆ పూట మల్లవరప్పాడుకి ఫోను చేశాం. తడికలు నిలిచాయని, ఒక్కో గుంటలో తట్టల కొద్దీ చెత్త ఆగిందని సత్యంగారు ఫోన్లో అరిచినంత పని చేశారు. మర్నాడో ఆ మర్నాడో కాలువ మొదట్లో ఉన్న హెడ్డు దగ్గర నీళ్ళు వదులుతున్నారన్నారు.

నీళ్ళొచ్చాయి

నీళ్ళు చివరికి చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. బడి తెరిచే వేళ దగ్గరపడినా మేం ఉప్పుకోడు వదలలేదు. ఊరంతా తూము దగ్గరే. రంగారావుగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, మనవరాలు ఆయన ఒళ్ళో. వరలక్ష్మిగారు కూర్చోలేదు.

పొద్దు బారెడెక్కాక వచ్చాయి. ముందు ఒక చప్పుడు, ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు. తర్వాత కాలువ మలుపులో ఎర్రటి నాలుక, అంచున తెల్లటి నురగ, అడుగు తడుపుకుంటూ నెమ్మదిగా మా వైపు. వరలక్ష్మిగారు తూము ఎత్తించారు. అందరం జల్లెడ వైపే చూస్తున్నాం. కొబ్బరి పీచు వచ్చింది. కాస్త గుర్రపుడెక్క వచ్చింది. కొన్ని మామిడాకులు. కవరు రాలేదు. ఇంకాసేపు చూశాం. రాలేదు. ఒండ్రు ఎరుపు తప్ప నీళ్ళలో ఏ నలుపూ లేదు.

రంగారావుగారు మనవరాలిని దింపి, గట్టు దిగి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని వాసన చూశారు. చాలాసేపు చూశారు.

"మట్టి వాసనండి," అన్నారు. "గోదారి మట్టి." తర్వాత వరలక్ష్మిగారి వైపు తిరిగి, "నా పాట మానేశానండి. మీ చెరువు మీరుంచుకోండి," అన్నారు.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, చంకలోని బిందె దింపారు. ఆడవాళ్ళు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. స్వామిగారు ఎవరూ చెప్పకుండానే డక్కీ అందుకున్నారు.

అప్పుడే జల్లెడకి ఏదో కొట్టుకుంది. డక్కీ ఆగింది. నీళ్ళలో తేలుతూ, తిరుగుతూ, జల్లెడ వెనక ఒకటే ఒక వస్తువు. రంగారావుగారు కర్రతో లాగి పైకి ఎత్తారు.

నీలం పట్టీ. తెగిన చోట పిన్నీసు.

కాలువ పొడవునా ఇన్ని ఊళ్ళు ఒక్క కవరు కూడా పోనివ్వకుండా కాపలా కాస్తే, చివరికి దిగిన ఒకే ఒక్క చెత్త, చెత్త వేయొద్దని చెప్పడానికి మెట్టనుంచి వచ్చిన టీచరుది. దాచడానికి లేదు. మల్లవరప్పాడులో నేను దిగబడిన కథ సుభద్రగారు అప్పటికే ప్రతి ఊళ్ళోనూ చెప్పేశారు, ఆ పిన్నీసుతో సహా.

"ఇది నాదేనండి," అన్నాను.

ఉప్పుకోడు నవ్వింది. వరలక్ష్మిగారు బిందె వదిలేసి గట్టు మీద కూలబడి నవ్వారు. రంగారావుగారు కర్ర చివర చెప్పుతోనే నవ్వారు. స్వామిగారు నవ్వడం సుభద్రగారు కూడా పెళ్ళయ్యాక రెండోసారి చూడటమట. నా హాస్యానికి వచ్చిన మొదటి నవ్వు అదే, అదీ నేను కష్టపడకుండా. నవ్వాగాక వరలక్ష్మిగారు ఆ చెప్పు కడిగించి, పసుపు గుడ్డలో చుట్టి, బొట్టు పెట్టి నా చేతిలో పెట్టారు. తర్వాత ఇంటినుంచి తెచ్చిన గ్లాసు ఆ కొత్త నీళ్ళలోనే ముంచి ఇవ్వబోతే, కాచి వడపోసి ఇవ్వమన్నాను. ఇచ్చారు. ఈసారి ఆవిడ నా ముఖంలోకి చూడలేదు. నేను గ్లాసు మొత్తం తాగాను.

ఇప్పుడు మా ఇంటి గుమ్మం దగ్గర మూడు చెప్పులున్నాయి. రెండు మల్లవరప్పాడువి, ఒకటి మొత్తం కాలువంతా చూసివచ్చింది. సారె కదా, పంచమని మావారు అన్నారు. ఇంటింటికీ చెప్పు పంచలేను. అందుకే ఈ కథ పంచుతున్నాను, పుచ్చుకోండి.